మూడో తరగతి పిల్లాడి దగ్గర "కోపం" అన్న ఒక్క మాటే ఉంది, మిగతావి ఎలా నేర్పాలి?

సిక్కోలు_టీచర్ (జూలై 7, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో ఓ మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు, మొత్తం 38 మంది పిల్లలు. మూడు, నాలుగు, ఐదు తరగతులు నావి. మూడో తరగతిలో ఒక బాబు ఉన్నాడు, పేరు వద్దు, చిన్నోడు అంటాను. సంక్రాంతికి ఊరొచ్చిన అమ్మానాన్న పండగ అయ్యాక చెన్నైలో బిల్డింగ్ పనులకి వెళ్లిపోయారు, చెల్లి చిన్నది కాబట్టి దాన్ని తీసుకెళ్లి వీణ్ణి నాయనమ్మ దగ్గర ఉంచారు. ఇదివరకు బుద్ధిగా ఉండేవాడు, జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి రోజుకొకరిని కొడుతున్నాడు. మొన్న పక్కన కూర్చునే పిల్ల నోట్సులో ఒక పేజీ చింపి ఉండ చేసి కిటికీలోంచి పడేశాడు. తీసి విప్పి చూస్తే ఆ పిల్ల వేసుకున్న "మా ఇల్లు" బొమ్మ. అమ్మ, నాన్న, తను, ఒక మేక.

ఎందుకు చింపావురా అంటే "కోపం టీచర్" అన్నాడు. ఇంకేమైనా ఉందా అంటే మళ్లీ "కోపం". ఆకలైనా కోపమే, ఏడుపొచ్చినా కోపమే, భయం వేసినా కోపమే అంటాడు. వాడికున్నది బెంగ అని నాకు తెలుస్తోంది, వాడికి తెలియట్లేదు.

2019లో మన దగ్గర ఆనంద వేదిక పెట్టినప్పుడు రోజూ మొదటి అరగంట దానికే ఇచ్చేవాళ్లం. సోమవారం కళ్లు మూసుకుని శ్వాస గమనించడం, తర్వాత రెండ్రోజులు కథలు, రెండ్రోజులు కృత్యాలు, శనివారం పిల్లలు తమకు అనిపించింది చెప్పడం. అంతకుముందు ఏడాది జూలైలో ఢిల్లీ సర్కారు బడుల్లో మొదలుపెట్టిన హ్యాపీనెస్ పాఠాల పద్ధతే. మా పిల్లలకి కథలంటే ప్రాణం. ఆ పుస్తకాలు బీరువాలోంచి మళ్లీ బయటికి తీశాను. కానీ కథ అయిపోగానే "నీతి ఏమిటి పిల్లలూ" అనడం మనకి ఎంత అలవాటో, అలా చేస్తే చిన్నోడు "కోపం తప్పు టీచర్" అని చెప్పేసి కూర్చుంటాడు, అంతటితో అయిపోతుంది. లోపల ఏం జరుగుతోందో వాడు పేరు పెట్టి చెప్పగలగాలి. మీరు బళ్లో గానీ ఇంట్లో గానీ ఏం చేస్తున్నారో చెప్పండి.

ఓరుగల్లు_నాన్న (జూలై 7, రాత్రి 9:48)

మేడం, మాది హనుమకొండ. మా పాప ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం బడిలో ఒకటో తరగతి. వాళ్ల క్లాసులో గోడకి ఒక చార్ట్ ఉంటుంది, గుండ్రటి మొహాలు, హ్యాపీ, సాడ్, యాంగ్రీ, స్కేర్డ్. పొద్దున రాగానే ప్రతి పిల్ల తన పేరున్న క్లిప్పు ఏదో ఒక మొహం మీద పెట్టాలి. మంచి ఏర్పాటే అనుకున్నా. మా పాప మాత్రం రోజూ హ్యాపీ మీదనే పెడుతుందని తెలిసింది. ఎందుకమ్మా అంటే "సాడ్ మీద పెడితే టీచర్ అందరి ముందట ఎందుకు అని అడుగుతది డాడీ" అన్నది. ఆరేళ్ల పిల్ల!

ఆ రాత్రి మా అమ్మ దాన్ని ఒళ్లో పండబెట్టుకొని "ఏం రంది పెట్టుకున్నవ్ బిడ్డా" అని తల నిమిరింది. అంతే, మొత్తం చెప్పింది. బస్సుల పెద్దపిల్లలు దాని సీటు గుంజుకుంటున్నరట, బస్సు ఎక్కాలంటేనే బుగులైతుందట. స్కేర్డ్ అన్న మాట ఆ పిల్లకి వచ్చు, స్పెల్లింగుతో సహా వచ్చు. కానీ తన బుగులుకి ఆ మాట అతకలేదు. నేను చెప్పేది రెండు ముచ్చట్లు. పిల్లలు ఇంట్లో వినే మాటలతోనే మొదలుపెట్టండి. ఇంకోటి, అందరి ముందట అడగకండి.

విశ్రాంత_హెచ్ఎం (జూలై 7, రాత్రి 10:30)

టీచర్ గారూ, మీ ఆరాటం అర్థమవుతోంది. కానీ 36 ఏళ్లు ప్రాథమిక బడుల్లో పనిచేసినవాణ్ణి, నా మాట కూడా వినండి. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి వాచకం తడుముకుంటూ చదివే బడులు ఎన్నో చూశాను. దానికి తోడు యాప్‌లో హాజరు, భోజనం ఫోటోలు, గుడ్ల లెక్క, చిక్కీల లెక్క. ఇప్పుడు పిల్లల మనసు సంగతి కూడా టీచరు నెత్తిన పెడితే అక్షరాలు ఎప్పుడు చెప్పాలి? పైగా ఆ పిల్లాడి బాధ పాఠాలతో తీరేది కాదు. వాళ్ల అమ్మానాన్నకి ఊళ్లోనే పని దొరికితే తీరేది. ఆ సంగతి వదిలేసి పిల్లాడికి ఓర్చుకోవడం నేర్పితే ఎవరికి మేలు?

సిక్కోలు_టీచర్ (జూలై 7, రాత్రి 10:52)

సార్, వలస గురించి మీరన్నది అక్షరాలా నిజం. నా క్లాసులో 19 మంది ఉంటే ఆరుగురి ఇళ్లలో ఎవరో ఒకరు బయటూళ్లలో ఉన్నారు. అది నేను మార్చలేను. పొద్దున తొమ్మిది నుంచి వాడు నా గదిలో ఉంటాడు, ఆ సమయం మాత్రమే నా చేతిలో ఉంది. టైము సంగతంటారా, పేజీ చింపిన రోజు లెక్కల పీరియడ్ మొత్తం ఆ గొడవకే పోయింది. ఆ పిల్ల ఏడుపు, వీడి మొండితనం, మిగతా 17 మంది చోద్యం చూడటం. ఓర్చుకోమని నేర్పాలని నాకు లేదు సార్. చెప్పుకోవడం నేర్పాలని ఉంది.

మనసు_చదువు (జూలై 8, ఉదయం 7:15)

నేను విజయవాడలో పిల్లల కౌన్సెలింగ్ చేస్తాను. హెచ్ఎం గారి ప్రశ్న గట్టిది కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చదువు దెబ్బతింటుందా అన్న దానికి సమాధానం ఉంది. 2011లో జోసఫ్ డర్లాక్ అనే పరిశోధకుడి బృందం, భావాలు గుర్తించడం, నలుగురితో మెలగడం పిల్లలకి నేర్పే 213 బడి కార్యక్రమాల ఫలితాల్ని ఒకచోట చేర్చి చూసింది, మొత్తం 2 లక్షల 70 వేల మంది పిల్లలు. ఇలాంటివి నేర్చుకున్న పిల్లలు చదువులో కూడా మిగతావాళ్ల కన్నా 11 పర్సెంటైల్ పాయింట్లు ముందున్నారు, అంటే వందమంది వరుసలో మధ్యలో ఉండే పిల్ల ఇంకో 11 మందిని దాటినంత. అంతకన్నా మనకి పనికొచ్చే సంగతి ఏంటంటే, బయటి నుంచి నిపుణులు రానక్కర్లేదు, రోజూ పాఠం చెప్పే టీచరే చేసినా ఫలితం బాగా కనిపించింది. అందులో ఎక్కువ భాగం అమెరికా బడులే, ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అలాగని ఏది చేసినా పనిచేస్తుందని కాదు. బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ (శ్వాస మీద, ఆ క్షణం మీద దృష్టి నిలపడం) పాఠాల మీద పెద్ద పరిశీలన చేశారు, 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలు పాఠాలు విన్నవాళ్లకీ వీళ్లకీ తేడా కనిపించలేదు. వాళ్లు 11 ఏళ్లు దాటిన పిల్లలు, నిజమే. కానీ పది నిమిషాలు కళ్లు మూయించి "ప్రశాంతంగా ఉండండి" అంటే పని అయిపోయిందనుకునే బడులు ఇది పట్టించుకోవాలి. లోపల బెంగ ఉన్న పిల్లాడు కళ్లు మూసుకుంటే ఆ బెంగే ఇంకా పెద్దగా కనిపించవచ్చు.

పేరు పెట్టడం గురించి మీ ఆలోచన సరైనదే మేడం. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ వాళ్లు పెద్దవాళ్లకి కోపంగా, భయంగా ఉన్న మొహాలు చూపించి మెదడు స్కాన్ చేశారు. ఆ భావానికి మాట వెతికి చెప్పినప్పుడు, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం కాస్త నెమ్మదించింది. ఉద్రేకాన్ని ఆపి ఆలోచించే నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు చెయ్యి ఎత్తే ముందు ఆగలేకపోవడం పొగరు కాదు, ఇంకా ఎదగని వయసు. కాబట్టి వాడు ఉడికిపోతున్నప్పుడు ఏమీ చెప్పొద్దు, బుర్రకెక్కదు. నీళ్లు ఇచ్చి, పక్కన కూర్చోండి చాలు. నేర్పడం అంతా మామూలుగా, ఆడుతూ పాడుతూ ఉన్నప్పుడే జరగాలి.

ఇద్దరు_పిల్లల_తల్లి (జూలై 8, ఉదయం 10:05)

దయచేసి ఒక్క విషయం. కొట్టిన పిల్లాణ్ణి వెంటనే "సారీ చెప్పు" అని బలవంతం చేయకండి. మా చిన్నవాడు "సారీ" అనేసి రెండు నిమిషాల్లో మళ్లీ కొడతాడు, ఆ మాట పాస్ లాగా అయిపోయింది వాడికి. ఇప్పుడు మేము "వాడికి ఎక్కడ తగిలిందో అడిగి రా" అంటున్నాం. వెళ్లి అడగాలంటే ఆ పిల్లాడి మొహం చూడాలి కదా. అలాగే "మగపిల్లాడివి, ఏడుస్తావేంటి" అనే మాట బళ్లో ఎవరన్నా ఆపించండి. ఏడుపు ఆపేస్తే అది ఎక్కడికి పోతుంది, చేతుల్లోకే వస్తుంది.

సీతంపేట_సార్ (జూలై 8, మధ్యాహ్నం 1:30)

మాది ఏజెన్సీ బడి, సవర పిల్లలు. నేను చేరిన మొదటి ఏడాది ఒకటో తరగతిలో ఒక పాప దాదాపు మూడు నెలలు నోరు విప్పలేదు. రిజిస్టర్‌లో "బిడియం ఎక్కువ" అని రాసుకున్నాను. చివరికి వాళ్ల భాష తెలిసిన వాలంటీర్ సవరలో అడిగితే గడగడా చెప్పింది. నా గొంతు పెద్దదట, నేను రోజూ తనని తిడుతున్నాననుకుందట. నేను చెప్పింది అ, ఆ లు! అప్పటి నుంచి గొంతు తగ్గించాను, కింద చాప మీద వాళ్ల ఎత్తులో కూర్చుంటున్నాను. సంతోషానికి, భయానికి, సిగ్గుకి సవరలో ఏమంటారో పిల్లలే నాకు నేర్పారు. నేను తప్పు పలికినప్పుడల్లా వాళ్లకి పండగ. జాతీయ విద్యా విధానం 2020 లో చిన్న తరగతులు వీలైనంత వరకు ఇంటి భాషలోనే ఉండాలని రాశారు, అది లెక్కలకీ సైన్సుకీ ఎంత అవసరమో నాకు తెలియదు గానీ మనసు విప్పడానికి మాత్రం తప్పనిసరి.

జెర్సీ_అమ్మ (జూలై 8, రాత్రి 8:20)

ఇక్కడ న్యూజెర్సీలో మా అబ్బాయి రెండో తరగతి. వాళ్ల క్లాసులో నాలుగు రంగులు చెబుతారు. నీరసంగా, దిగులుగా ఉంటే నీలం. కుదురుగా ఉంటే ఆకుపచ్చ. కంగారుగా గానీ మరీ హుషారుగా గానీ ఉంటే పసుపు. పట్టలేని కోపమైతే ఎరుపు. గదిలో ఒక మూల దిండు, మెత్తటి బొమ్మ, ఇసుక గడియారం పెట్టి ఉంటాయి, ఎవరికి అవసరమైతే వాళ్లు వెళ్లి కాసేపు కూర్చుని రావచ్చు. శిక్ష కాదు అది. మా వాడికి చాలా పనికొచ్చింది.

ఇబ్బంది కూడా చెప్పాలి. కొన్నాళ్లకి "నేను ఈరోజు ఎరుపులోకి వెళ్లలేదమ్మా, గుడ్ బాయ్" అనడం మొదలుపెట్టాడు. ఆ రంగు తప్పు అని ఎవరూ చెప్పలేదు, అయినా పిల్లలు అలా తీసుకుంటారు. ఇంకోటి నన్ను బాగా బాధపెట్టింది. మొన్న వీడియో కాల్‌లో మా అత్తయ్య "ఏం నాన్నా, అలా ఉన్నావ్" అని అడిగితే వాడు "నానమ్మా, ఐ యామ్ ఇన్ బ్లూ" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు, నీలం చొక్కా బాగుంది అన్నారు. వాడు ఫోన్ నాకిచ్చేసి వెళ్లిపోయాడు. అప్పటినుంచి రాత్రి పడుకునే ముందు రోజుకో తెలుగు మాట చెబుతున్నాను. "అలక" అర్థం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఇంగ్లీషులో దానికి మాటే లేదు. కోపం ఉన్నా ఎదుటివాళ్లు వచ్చి బతిమాలాలని లోపల కోరిక ఉంటుంది చూడండి, అది అంతా ఆ మూడక్షరాల్లో ఉంది.

భవిత_అక్క (జూలై 9, ఉదయం 6:40)

నేను భవిత కేంద్రంలో పనిచేస్తాను, ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో. "మొహం చూసి ఏ భావమో చెప్పు" ఆట అందరికీ సరిపడదు, ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లలకి. కళ్లలోకి చూడమని అసలు బలవంతం చేయొద్దు. నేను ఏం చేస్తానంటే, నేల మీద పిల్లల్ని ఒకరిని పడుకోబెట్టి సుద్దముక్కతో చుట్టూ గీత గీస్తాం. ఆ మనిషి బొమ్మలో "కోపం వస్తే నీకు ఎక్కడ తెలుస్తుంది" అని అడుగుతాను. ఒకరు చెవులు వేడెక్కుతాయంటారు, ఒకరు పళ్లు కొరుకుతానంటారు, ఒక బాబు "మోకాళ్లలో" అన్నాడు, నిజంగానే వాడు పరిగెత్తి పారిపోతాడు. అక్కడ రంగు సుద్దతో దిద్దుతారు. మాట రాని పిల్లలు కూడా వేలితో చూపిస్తారు. మీ చిన్నోడితో చేసి చూడండి చెల్లీ. ఒంట్లో జాగా దొరికాక మాట దొరకడం తేలిక.

విశ్రాంత_హెచ్ఎం (జూలై 9, ఉదయం 9:00)

అన్నీ చదివాను. వేరే పీరియడ్ వద్దని ఇప్పటికీ అంటాను. తెలుగు పీరియడ్‌లోనే చేయండి. ఆవు, పులి కథ ఉంది కదా, అందరికీ తెలిసినది. మొత్తం చెప్పకుండా, పాలిచ్చి తిరిగి పులి దగ్గరికి పోతానని ఆవు దూడకి చెప్పే చోట ఆపండి. దూడకి ఎలా ఉంటుందో ఒక్కొక్కరినీ ఒక వాక్యం రాయమనండి. భాషా వస్తుంది, మీరనేదీ వస్తుంది.

మరో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పిల్లలతో గోడకుర్చీ వేయించాను, బెత్తం వాడాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ రెండింటినీ నిషేధించింది. కొట్టడం మానేశాను, రెండోది మానడానికి చాలా ఏళ్లు పట్టింది. "మొద్దు" అని నేను పిలిచిన ఒక కుర్రాడు ముప్పై ఏళ్ల తర్వాత బజార్లో కలిసి, దండం పెట్టి, ఆ మాట గుర్తుచేశాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మనసు_చదువు (జూలై 9, ఉదయం 9:25)

సార్, మీరిది రాసినందుకు నమస్కారం. కథ చెప్పి మధ్యలో ఆపడం చాలా మంచి పద్ధతి. కానీ ఈ బాబుకి ఆవు, పులి కథ ఇప్పుడే వద్దు. అమ్మ వదిలి వెళ్లిపోయే కథ వాడికి అందరి ముందు వినడం కష్టం. దానికన్నా ఇంకోటి సూచిస్తాను. కెనడాలో మేరీ గోర్డన్ అనే ఆవిడ 1996లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. నెలల పాపని తల్లి క్లాసుకి తీసుకొస్తుంది, ఏడాది పొడవునా అదే పాప కొన్నిసార్లు వస్తుంది. పాప ఎందుకు ఏడుస్తోంది, ఎందుకు నవ్వింది అని పిల్లలు చూసి ఊహించాలి. పాపకి మాటలు రావు కాబట్టి మాటలు వెతికే పని పిల్లలది అవుతుంది. మీ ఊళ్లో తల్లులకి ఇది చెబితే కాదనరు.

ఓరుగల్లు_నాన్న (జూలై 9, రాత్రి 9:15)

ఇది సూపర్ ఉంది. మేడం, చేస్తే తప్పక రాయండి.

సిక్కోలు_టీచర్ (జూలై 30, రాత్రి 9:35)

ఆలస్యమైంది, క్షమించండి. మూడు వారాలు గడిచాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెలుగు పీరియడ్‌లోనే చేశాను, సార్ చెప్పినట్టు. గదికి అడ్డంగా పురికొస తాడు కట్టాను. ఇంట్లో నాయనమ్మనో తాతనో అడిగి రోజుకొకరు ఒక మాట తీసుకురావాలి, చీటీ మీద రాసి తాడుకి తగిలించాలి, ఎప్పుడు అలా అనిపిస్తుందో చెప్పాలి. ఇప్పటికి ఉన్నవి: దిగులు, గుబులు, ఉక్రోషం, బెరుకు, సంబరం, నొచ్చుకోవడం, కుళ్లు, జంకు, మురిపెం, విసుగు, రోషం, చిన్నబుచ్చుకోవడం. ఓరుగల్లు గారి బుగులు, రంది కూడా నేనే రాసి తగిలించాను, పిల్లలకి ఆ రెండూ తెగ నచ్చాయి. "ఉడుకుమోత్తనం" తెచ్చిన పిల్ల, ఓడిపోయినప్పుడు తన అన్న ఎలా చేస్తాడో చేసి చూపించింది, అన్న ఐదో తరగతిలో అక్కడే కూర్చుని ఉన్నాడు, వాడు కూడా నవ్వేశాడు. ఈరోజు ఎలా ఉందో నాకొక్కదానికే చెప్పాలనుకున్నవాళ్ల కోసం మూతున్న డబ్బా పెట్టాను. అందరి ముందు అడగడం మానేశాను.

సుద్దముక్క బొమ్మ వేశాం. చిన్నోడు తన కోపం గొంతులో ఉంటుందని చూపించాడు. "ముద్ద అడ్డం పడ్డట్టు" అన్నాడు. భవిత అక్కా, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. బడి తెరిచిన దగ్గర్నుంచి వాడు నా ఎదురుగా కూర్చుంటున్నాడు, నేను చేతుల్ని చూశాను గానీ గొంతుని చూడలేదు.

పక్క అంగన్‌వాడీకి వచ్చే ఒకావిడ ఐదు నెలల పాపని రెండుసార్లు తీసుకొచ్చింది. దుప్పటి పరిచి చుట్టూ కూర్చున్నాం. రెండోసారి తల్లి నీళ్లు తాగడానికి వరండాలోకి వెళ్లగానే పాప ఏడుపు అందుకుంది. ఆకలి అన్నారు కొందరు, చీమ కుట్టిందేమో అన్నారు, ఉక్కపోత అన్నారు. చిన్నోడు చివర్లో లేచి, "ఆకలి కాదు, వాళ్లమ్మ ఎటెళ్లిందో దానికి తెలీదు, బెంగెట్టుకుంది" అన్నాడు. తర్వాత వరండాలోకి పోయి ఆవిణ్ణి పిలుచుకొచ్చాడు.

కొట్టడం పూర్తిగా పోలేదు. పోయిన వారం కూడా రెండుసార్లు జరిగింది. ఒకసారి మాత్రం చెయ్యి ఎత్తి దింపేసి, బోరింగు దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు. నేనేమీ అనలేదు, చదువుతున్న పాఠం చదువుతూనే ఉన్నాను.

విశ్రాంత_హెచ్ఎం (జూలై 30, రాత్రి 10:02)

అమ్మానాన్నతో మాట్లాడారా? ఆ పిల్లాడు తాడుకి ఏ మాట తగిలించాడు?

సిక్కోలు_టీచర్ (జూలై 30, రాత్రి 10:20)

మాట్లాడాను సార్. వాళ్లకి ఆదివారం ఒక్కరోజే సెలవు. ఇదివరకు ఫోన్ చేసినా నాయనమ్మతో డబ్బుల సంగతులు మాట్లాడి పెట్టేసేవాళ్లట. ఇప్పుడు ముందు పది నిమిషాలు వాడితోనే మాట్లాడుతున్నారు. వాడి వంతు మొన్న సోమవారం వచ్చింది. చీటీ మడిచి తెచ్చాడు, విప్పితే "ఆదివారం" అని రాసి ఉంది. క్లాసులో ఒకళ్లు "అది రోజు కదా" అన్నారు. నేను స్టూలు వేసి ఇచ్చాను, వాడే ఎక్కి సంబరం పక్కన తగిలించుకున్నాడు.